నడకబాటలు వాడల దాకా వస్తాయా?

హైదరాబాద్‌కు దక్షిణాన మరో నగరం పుట్టబోతోంది. రంగారెడ్డి జిల్లాలోని 7 మండలాలకు చెందిన 56 గ్రామాలను కలిపి 2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. కాలుష్యం లేని నగరం, పచ్చని నగరం, నడవదగిన నగరం అని ప్రకటనలు వెలువడుతున్నాయి. భూముల ధరల గురించి, రాబోయే కంపెనీల గురించి పత్రికల్లో రోజూ చర్చ జరుగుతోంది. ఆ నగరంలోని పార్కుల గురించి మాత్రం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. పార్కు అందరికీ మంచిదే కదా, అందులో చర్చించడానికేముంది అని అనుకుంటారు. కులం గురించి రాసే పేజీలో పార్కుల ప్రస్తావన కొందరికి వింతగానూ తోచవచ్చు. కానీ ఈ దేశంలో కులవ్యతిరేక పోరాటాల చరిత్రలో సగం చెరువుగట్ల మీద, వీధుల మీద, నలుగురూ తిరిగే చోట్ల మీద జరిగిన చరిత్రే.

1924 మార్చి 30న వైకోంలో మొదలైన సత్యాగ్రహం గుడిలోకి వెళ్లడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న బాటల్లో నడవడానికి. ఇరవై నెలల పోరాటం తర్వాత కుదిరిన ఒప్పందంలో మూడు వైపుల బాటలు తెరిచారు. తూర్పు బాట మాత్రం సవర్ణులకే మిగిలింది. మహద్ సంగతి తెలిసిందే. బహిరంగ నీటి వనరులను, ప్రజాధనంతో నడిచే స్థలాలను అంటరానివారూ వాడుకోవచ్చని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మరుసటి ఏడాది మహద్ మునిసిపాలిటీ చౌదార్ చెరువును తెరుస్తున్నట్టు తానూ తీర్మానం చేసింది. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో వేలమంది వెళ్లి దోసిలి పట్టేదాకా ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. తాగినందుకు దెబ్బలు తిన్నారు. చెరువు మీద హక్కు న్యాయస్థానంలో ఖాయం కావడానికి మరో పదేళ్లు, 1937 దాకా, పట్టింది. తీర్మానానికీ దోసిలికీ నడుమ ఉన్న ఆ దూరమే నా అంశం.

ఈ అనుభవం నుంచి పుట్టిందే రాజ్యాంగంలోని 15(2) అధికరణం. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లతో పాటు, పూర్తిగా గానీ పాక్షికంగా గానీ ప్రభుత్వ నిధులతో నడిచే, లేదా ప్రజల ఉపయోగానికి అంకితం చేసిన బహిరంగ విహార స్థలాలను అది పేరుపెట్టి చెప్పింది. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా వాటిని వాడుకోకుండా ఏ పౌరుడినీ అడ్డుకోరాదు. అంటే పార్కు రాజ్యాంగ నిర్మాతల దృష్టిలో బావికీ రోడ్డుకూ సమానమైన హక్కు. ఉద్యోగాల రిజర్వేషన్లకు పునాది అయిన 16(4)ను మన విద్యార్థులు కంఠస్థం చేస్తారు. దానికి ముందు పుటలోనే ఉన్న ఈ వాక్యం మీద అంత శ్రద్ధ కనబడదు.

కొత్త కాలనీల్లో పార్కు ఎలా ఏర్పడుతుందో మొదట చూడాలి. లేఅవుట్ వేసే వ్యాపారి రోడ్లకు, ఖాళీ స్థలానికి కొంత భాగం వదలాలి. ఆ ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడు ద్వారా రాసివ్వాలి. రాసిచ్చాక అది వ్యాపారిదీ కాదు, ప్లాట్లు కొన్నవారిదీ కాదు. పంచాయతీదో మునిసిపాలిటీదో, అంటే ప్రజలందరిదీ. చట్టం ఇంతవరకు సవ్యంగానే ఉంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో నగర శివార్లలో ఎవరైనా చూడవచ్చు. లేఅవుట్ చుట్టూ ప్రహరీ లేస్తుంది. ప్రహరీకి గేటు, గేటుకు కాపలా, కాపలా దగ్గర రిజిస్టరు వస్తాయి. లోపలి పార్కు కాగితం మీద ప్రజలది, కంటికి మాత్రం సంఘానిది. ఆ భూమిని నిన్నమొన్నటి దాకా దున్నిన ఊరివాళ్ల పిల్లలు గోడ మీది నుంచి ఉయ్యాలలు చూస్తారు.

కాపలాదారు ఎవరినీ కులం అడగడు. ‘ఏ ఫ్లాట్?’ అని అడుగుతాడు. పాత ఊళ్లో ‘ఎవరి పిల్లవాడివిరా?’ అన్న ప్రశ్న చేసిన పనినే కొత్త నగరంలో ఈ ప్రశ్న చేస్తుంది. కులం పేరెత్తకుండానే కులాన్ని వడగడుతుంది, ఎందుకంటే ఇల్లు ఎవరికి ఎక్కడ దొరుకుతుందన్నది కులం నిర్ణయిస్తున్న దేశం ఇది. త్రైనా వితాయతిల్, గాయత్రీ సింగ్ అనే ఇద్దరు పరిశోధకులు 2001 జనాభా లెక్కల వార్డు స్థాయి వివరాలతో హైదరాబాద్ సహా ఏడు మహానగరాలను పరిశీలించి 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం ప్రచురించారు. ఈ నగరాల్లో నివాసాల విభజన ఆర్థిక స్థితిని బట్టి ఎంత ఉందో, కులాన్ని బట్టి అంతకంటే ఎక్కువగా ఉందని వారు తేల్చారు. డబ్బున్నవాళ్లు ఒకచోట, లేనివాళ్లు ఒకచోట ఉంటారు తప్ప నగరంలో కులమెక్కడిది అనే మాటను ఇకనైనా మానుకోవాలి. శామ్ ఆషర్, పాల్ నోవోసాద్ తదితరులు దేశమంతటా 15 లక్షల పొరుగుప్రాంతాల వివరాలను పరిశీలించి, ముస్లింలు, దళితులు గుమిగూడి బతికే చోట్లకు ప్రభుత్వ బడులు, ఆసుపత్రులు, నీటి సదుపాయాలు తక్కువగా చేరుతున్నాయని చూపారు. నగరాన్ని మొత్తంగా లెక్కిస్తే ఈ తేడా కనబడదు, ఒకే నగరంలోని పేటకూ పేటకూ మధ్య చూస్తేనే కనబడుతుంది. వాళ్లు పార్కులను లెక్కించలేదు. లెక్కిస్తే ఫలితం వేరుగా ఉంటుందని నేననుకోను.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాలు తలసరి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. తలసరి లెక్కతో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు దాదాపు 390 ఎకరాలు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్ 270 ఎకరాల పైచిలుకు. వీటిని నగర జనాభాతో భాగిస్తే మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ బస్తీలో ఉన్న ఇంటికీ కొన్ని అడుగుల పచ్చదనం లెక్కలోకి వస్తుంది. ఆ ఇంటి పిల్లవాడు బంజారాహిల్స్ దాకా ఎలా వెళ్తాడన్నది లెక్కలోకి రాదు.

పేర్ల గురించి ఒక మాట. హైదరాబాద్‌లో ముఖ్యమంత్రుల పేరిట ఉన్న పెద్ద పార్కులు చూడండి: కాసు బ్రహ్మానందరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి, జలగం వెంగళరావు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున దామోదరం సంజీవయ్య పేరిట ఒకటుంది. ఈ దేశంలో ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు ఆయన. ఈ నాలుగింటిలో ఎవరి పార్కును తమ ఇంటి పెరడుగా భావించే కాలనీలు ఎవరివో గుర్తుచేసుకోవలసిన పని పాఠకులకే వదిలేస్తున్నాను. ఉత్తరప్రదేశ్‌లో లక్నోలో, నోయిడాలో మాయావతి అంబేడ్కర్, కాన్షీరాం, ఫూలేల పేర్లతో రాతి ఉద్యానాలు నిర్మించినప్పుడు ప్రజాధనం వృథా అని దేశమంతా గగ్గోలు పుట్టింది. రాతికి పెట్టిన ఖర్చు గురించి నాకూ అభ్యంతరాలున్నాయి. కానీ ఆదివారం నాడు ఆ ఉద్యానాలకు పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలకు అంతకుముందు నగరంలో తమదనిపించే చోటు ఏదుండేదని ఆ గగ్గోలు పెట్టినవారెవరూ అడగలేదు.

పార్కు వేళల సంగతి చిన్నదిగా కనబడుతుంది, చిన్నది కాదు. నేనుండే ప్రాంతంలో కొత్తగా వేసిన మునిసిపల్ పార్కు పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది. మధ్యాహ్నం తాళం. ఆ పార్కులో పెద్ద వేపచెట్లున్నాయి, సిమెంటు బల్లలున్నాయి, మంచినీళ్ల నల్లా ఉంది. సరిగ్గా ఆ తాళం వేళకే చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పొద్దుటి పని ముగించుకున్న ఆడవాళ్లు, మళ్లీ సాయంత్రం పనికి ఎక్కేముందు, టిఫిన్ డబ్బాలు విప్పుకోవడానికి నీడ వెతుక్కుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ పక్క ఫుట్‌పాత్ మీద కూర్చుంటారు. ఎక్కువమంది పాలమూరు నుంచి, నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చినవాళ్లు. అందులో ఒకావిడను, ‘లోపల కూర్చోవచ్చు కదమ్మా, తెరవమని అడగలేదా?’ అన్నాను. ‘అది వాకింగ్ చేసేటోళ్లది సార్’ అంది. ఫిర్యాదుగా అనలేదు, తెలియనివాడికి తోవ చెప్పినట్టు అంది. పార్కును రోజూ ఊడ్చేదీ, మొక్కలకు నీళ్లు పెట్టేదీ ఆవిడ వాడకట్టు మనుషులే. ఊడ్చినంతసేపు లోపల ఉండవచ్చు.

ఆ వేళలు ఎవరి దినచర్యను బట్టి పెట్టారో చెప్పనక్కరలేదు. ఉద్యోగానికి ముందు నడక, ఉద్యోగం తర్వాత నడక. శరీరశ్రమ చేసే మనిషికి పార్కు అంటే నడిచే చోటు కాదు, కూర్చునే చోటు. రోజంతా నిలబడి పనిచేసిన కాళ్లకు ట్రాక్ అక్కరలేదు, బల్ల కావాలి, నీళ్లు కావాలి, శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. మన పార్కుల నమూనాలో ట్రాక్ మొదట వస్తుంది, ఓపెన్ జిమ్ తర్వాత వస్తుంది, మరుగుదొడ్డి వస్తే వచ్చింది లేకపోతే లేదు. బెంగళూరులో 2024 జూన్‌లో నగరపాలక సంస్థ పార్కులన్నిటినీ ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచాలని నిర్ణయించారు. ఒక ఉత్తర్వుతో అయ్యే పని అది. అదే బెంగళూరులో అంతకు ఏడాది ముందు ఒక అపార్ట్‌మెంట్ సముదాయం ఇంటిపని వాళ్లు పార్కు వంటి ఉమ్మడి స్థలాల్లో కూర్చోవద్దని నోటీసు ఇచ్చి వార్తల్లోకెక్కింది. నోటీసు ఇచ్చినందుకు వార్త అయింది. నోటీసు లేకుండానే ఆ నియమం నడిచే చోట్లు ఎన్ని ఉన్నాయో పనికి వెళ్లే మనుషులను అడిగితే చెబుతారు.

ఇప్పుడు నడకబాటలు, సైకిల్ బాటల సంగతి. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ బాట తెరిచారు. పైన సౌర ఫలకాల కప్పు, కింద నాలుగున్నర మీటర్ల వెడల్పు బాట. ఒక పాయ నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు, మరొకటి నార్సింగి నుంచి కొల్లూరు దాకా. మంచి నిర్మాణం, కాదనను. అయితే కొల్లూరులో ఏముంది? అదే ఏడాది జూన్‌లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల సముదాయం ఉంది. నగరంలోని బస్తీల నుంచి వచ్చిన దళిత, బహుజన, ముస్లిం కుటుంబాలకు అక్కడ ఇళ్లు దక్కాయి. ఇల్లు వచ్చింది గానీ పని దూరమైంది. కోకాపేట, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్లాలంటే బస్సు కోసం ఎదురుచూడాలి, లేకపోతే షేర్ ఆటోకు రోజు కూలిలో ఒక వంతు చెల్లించాలి. ఇంత పెద్ద కార్మిక నివాసం ఉన్న ఊరి దాకా సైకిల్ బాట వచ్చి కూడా అది వాళ్లను పనికి చేర్చే బాటగా ఎవరి ఊహలోనూ లేదు. ఆ బాటలో నేను చూసినంతవరకు హెల్మెట్లు, వ్యాయామపు దుస్తులు, వారాంతపు బృందాలే ఎక్కువ. సైకిలు బతుకుతెరువుకు వాహనంగా ఉన్న మనిషి మెయిన్ రోడ్డు మీద లారీల పక్కనే తొక్కుతున్నాడు. బాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో నిర్ణయించిన మేజా దగ్గర అటువంటి మనిషి లేడు.

ఇదంతా నిర్మాణం పూర్తయిన పడమటి నగరం కథ. దక్షిణాన ఇంకా గీతలు గీస్తున్నారు గనుక అక్కడ ముందే మాట్లాడుకోవలసింది మరొకటుంది. పార్కు పెట్టబోయే భూమి ఎవరిది?

మన పల్లెల్లో ఖాళీగా ఉన్న భూమి అంటూ ఏదీ లేదు. రెవెన్యూ రికార్డు పోరంబోకు అనవచ్చు, బంచరాయి అనవచ్చు, గైరాన్ అనవచ్చు, శిఖం అనవచ్చు, కంచ అనవచ్చు. ఒక్కో పేరు వెనుక ఒక్కో కులం బతుకు ఉంది. కంచల్లో గొల్ల కురుమలు మేకలూ గొర్రెలూ మేపారు. శిఖం ఎండినప్పుడు మాదిగలు, మాలలు, ముదిరాజులు ఏదో ఒక పంట వేసుకున్నారు. కుంటలో ముదిరాజులు, గంగపుత్రులు చేపలు పట్టారు, చాకలివాళ్లు రేవు పెట్టారు. తాటివనం గౌడ కులస్తులది. వాడకు అవతల ఒక మూల వాడవాళ్ల శ్మశానం, మరో మూల పోచమ్మ గుడి, మైసమ్మ రాయి. ఊరి శ్మశానంలో చోటివ్వలేదు గనుకనే వాడకు వేరే శ్మశానం వచ్చింది. అందుకే దానికి చాలాచోట్ల కాగితం కూడా లేదు. ఉపగ్రహ చిత్రం మీద ప్రణాళిక గీసే కన్సల్టెంటుకు ఇవన్నీ ఒకే పచ్చరంగు మచ్చలుగా కనిపిస్తాయి. ఆయన వాటికి ‘గ్రీన్ స్పేస్’ అని పేరు పెడతాడు. పేరు పెట్టిన క్షణం నుంచి మేక పశుగ్రాసం తింటున్న జీవి కాదు, పార్కును పాడుచేస్తున్న జంతువు.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్‌డోజర్లు వచ్చినప్పుడు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు లాఠీలకు ఎదురు నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపింది. జింకలు, నెమళ్ల చిత్రాలు దేశమంతా తిరిగాయి. ఆ పోరాటానికి నేను మద్దతు ఇచ్చాను, ఇప్పటికీ ఇస్తాను. కానీ ఆ ఊరి పేరులోనే ఉన్న ‘కంచ’ అన్న మాట గురించి ఆ రోజుల్లో చర్చ చాలా తక్కువ జరిగింది. అది మేతభూమి. అక్కడ జింకలతో పాటు ఒకప్పుడు మందలూ, మందల వెంట మనుషులూ ఉన్నారు. అడవిని కాపాడాలంటే ఆ మనుషుల జ్ఞాపకాన్ని చెరిపివేయనక్కరలేదు. ప్రకృతి గురించి మాట్లాడే మన ఉద్యమాలు కులం గురించి మౌనం వహించడాన్ని ముకుల్ శర్మ 2017లో తన పుస్తకంలో నిలదీశాడు. తెలుగులో ఆ చర్చ ఇంకా మొదలు కావలసే ఉంది.

ఇక అసైన్డ్ భూములు. భూమిలేని పేదలకు, ముఖ్యంగా దళితులకు, ప్రభుత్వం ఇచ్చిన లావుణి పట్టాలు. వాటి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. పేదవాడి చేతి నుంచి భూమి జారిపోకూడదన్నది ఉద్దేశం. కానీ ప్రభుత్వానికే అవసరమైనప్పుడు అదే నిషేధం పేదవాడికి వ్యతిరేకంగా పనిచేసింది. నీకు అమ్మే హక్కు లేదు గనుక ఇది నీది కాదు, మాదే, తిరిగి తీసుకుంటున్నాం అనే వాదన వచ్చింది. ఈ వాదనను చేవెళ్ల భూసేకరణ కేసులో 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం తోసిపుచ్చింది. ప్రజావసరానికి తీసుకున్నప్పుడు అసైన్డ్ రైతుకూ పట్టా రైతుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. ఫార్మా సిటీ పేరుతో యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాల్లో 19 వేల ఎకరాలకు పైగా ప్రతిపాదించి సేకరణ మొదలుపెట్టినప్పుడు అసైన్డ్ భూములకు పట్టా భూముల కంటే తక్కువే చెల్లించారు. కుర్మిద్ద, తాడిపర్తి, నానక్‌నగర్, నక్కెర్త మేడిపల్లి రైతులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. మందుల కంపెనీల కోసమని తీసుకున్న భూముల మీదే ఇప్పుడు నగరం వస్తుందంటున్నారు. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. నగరం ఒక దిక్కుకు సాగితే భూమి ఏమవుతుందో అది చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. పార్కు ఎదురుగా ఉన్న ప్లాటుకు ధర మరింత ఎక్కువ. అంటే పచ్చదనం ఊరికే ఉండే అలంకారం కాదు, ఎదుటి ప్లాటు యజమాని జేబులోకి చేరే విలువ. దళితుడి ఎకరంలో వేసిన పార్కు పెంచే ధర దళితుడికి చేరే మార్గం ఏ ప్రణాళికలోనూ నాకు కనబడలేదు.

ఇది మన ఒక్కరి కథే కాదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు ప్రపంచమంతటా ప్రణాళికా విద్యార్థులకు పాఠం. ఆ పార్కు కింద సెనెకా విలేజ్ అనే ఊరుండేది. 1825 నుంచి నల్లజాతి కుటుంబాలు సొంతంగా స్థలాలు కొనుక్కొని కట్టుకున్న ఊరు. 1857 నాటికి అందరినీ ఖాళీ చేయించారు. మన దేశంలో సబర్మతి నదీతీరం ఉంది. ఆ సుందర నడకదారి కోసం 10 వేలకు పైగా కుటుంబాలు నది ఒడ్డు నుంచి లేచిపోయాయి. మూసీ ఒడ్డున 2024లో ఇళ్ల గోడలకు గుర్తులు వేసినప్పుడు అక్కడి జనానికి అర్థమైంది అదే.

నా వామపక్ష మిత్రులు కొందరు దీన్ని విని నవ్వుతారు. కూడు, గూడు, భూమి దొరకని దళితుడికి పార్కు ఎందుకు, ఇది మధ్యతరగతి కోరిక అంటారు. పార్కు భూమి ప్రశ్నకు బయట ఉంటే వారి మాట నిజమే అయ్యేది. పైన చెప్పిన కంచ, శిఖం, శ్మశానం, అసైన్డ్ పట్టా ఇవన్నీ భూమి ప్రశ్నే. విశ్రాంతి, ఆట, ఊరికే కూర్చునే సమయం పై కులాల సొత్తు అన్న భావన వారి నవ్వులో తెలియకుండానే దాగి ఉంది. ఇంకొక అభ్యంతరం ఎదురుగా నుంచి వస్తుంది. అందరికీ తెరిస్తే పార్కు పాడవుతుంది, భద్రత ఉండదు అంటారు. ఇందిరా పార్కు పక్కన ధర్నా చౌక్‌ను 2017లో మూసివేసినప్పుడు కూడా వినిపించింది వాకర్ల ఇబ్బందే. పొద్దుటి నడక ప్రశాంతత కోసం ఆశావర్కర్లు, రైతులు, దళిత సంఘాలు నగరం బయటికి వెళ్లి నిరసన తెలపాలన్నారు. మరుసటి ఏడాది హైకోర్టు జోక్యంతో చౌక్ తిరిగి తెరుచుకుంది. పార్కు పాడవడం గురించి అంత బెంగ ఉన్నవారు అందులో పనిచేసే ఔట్‌సోర్సింగ్ కార్మికురాలికి సక్రమంగా జీతం ఇచ్చే విషయంలో కూడా సంతకం పెడితే బాగుండును.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. వాడల్లో పార్కులు వేయండి అనగానే ఉపప్రణాళిక నిధుల వైపు చూసే అలవాటు ప్రభుత్వాలకుంది. ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడల కోసం ఎస్సీ ఉపప్రణాళిక నుంచి 700 కోట్ల రూపాయలకు పైగా మళ్లించిన సంగతి 2010లో బయటపడింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం, తర్వాత 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది ఇటువంటి మళ్లింపులను ఆపడానికే. నగరంలో అందరికీ వచ్చే పార్కు వాడకు రావాలంటే అది అందరి నిధుల నుంచే రావాలి. ప్రత్యేక నిధి చదువుకూ భూమి కొనుగోలుకూ ఉపాధికీ ఉండాలి.

మరి ఏం చేయాలి? ఫ్యూచర్ సిటీకి సంబంధించినంతవరకు మొదటి పని గ్రామ నక్షాలు బయటికి తీయడం. ప్రతి రెవెన్యూ గ్రామానికీ నక్షా ఉంది, అందులో బండ్ల బాటలు, కాలిబాటలు గీసి ఉన్నాయి. శివార్లలో గేటెడ్ లేఅవుట్లు మింగేసింది ఎక్కువగా ఈ నక్షా బాటలనే. కొత్తగా నడకబాటలు కనిపెట్టనక్కరలేదు, ఉన్నవాటిని ప్రహరీల కిందికి పోకుండా నిలబెడితే సగం పని అయినట్టే. ఆ బాటలు వాడను బడితో, బస్టాపుతో, సంతతో కలుపుతాయి, ఎందుకంటే జనం తమ అవసరం కోసం వేసుకున్న బాటలవి. గేటెడ్ కాలనీ లోపల గుండ్రంగా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే ట్రాక్ ఎవరినీ ఎక్కడికీ చేర్చదు. నక్షాలో లేని వాడ శ్మశానాలను, పోచమ్మ గుళ్లను, రేవులను ఊళ్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకొని తిరిగి గుర్తించాలి. గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి ఊరికి తిరిగి ఇవ్వాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఉమ్మడి వనరులను, శ్మశానాలను, రోడ్లను, బాటలను ఇతరులతో సమానంగా వాడుకోకుండా దళితులను, ఆదివాసులను అడ్డుకోవడాన్ని నేరం చేసింది. ఈ రెండూ నగర ప్రణాళికా విభాగంలో పనిచేసే ఇంజినీరు బల్ల మీద ఉండవలసిన కాగితాలు, ఇప్పుడు లేవు.

రెండోది సమాచారం. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే చేసింది. ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లింలలోని వెనుకబడిన కులాలతో కలిపి బీసీలు 56.33 శాతం అని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఈ అంకెలను రిజర్వేషన్ల చర్చలోనే వాడుతున్నాం. వార్డు వార్డుకూ, వాడ వాడకూ ఎంత పచ్చదనం, ఎంత దూరంలో పార్కు, ఏ వేళల్లో తెరిచి ఉంది అన్నది ఈ సర్వేతో కలిపి పటం గీస్తే తలసరి లెక్కల మాయ వీడిపోతుంది. ఇందుకు పెద్ద సంస్థలు అక్కరలేదు. భూగోళ శాస్త్రం, సామాజిక శాస్త్రం చదివే విద్యార్థులు పదిమంది ఒక మండలం తీసుకుంటే ఒక సెలవుల్లో చేయగలరు.

గిఫ్ట్ డీడు పార్కుల విషయంలో అయితే కొత్త చట్టం కూడా అవసరం లేదు. సమాచార హక్కు కింద మునిసిపాలిటీని జాబితా అడగండి. ఏ లేఅవుటు, ఏ సర్వే నంబరు, ఎన్ని గజాలు, ఏ తేదీన రాసిచ్చారు. జాబితా వచ్చాక ఆ గేటు దగ్గరికి వెళ్లండి. ‘ఏ ఫ్లాట్?’ అని అడిగితే డీడు నంబరు చెప్పండి. ప్రతి పార్కు ముందు ఇది మునిసిపాలిటీ ఆస్తి, అందరికీ ప్రవేశం ఉంది అన్న బోర్డు, తెలుగులోనూ ఉర్దూలోనూ, గోడకు బయటి వైపు పెట్టమని వార్డు సభలో తీర్మానం పెట్టించండి. 1924 నాటి మహద్ మునిసిపాలిటీ తీర్మానంలాగే ఇదీ కాగితం మీద మిగలవచ్చు. అందుకే తీర్మానం మరునాడే పిల్లలను తీసుకొని ఉయ్యాలల దగ్గరికి వెళ్లాలి.

మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ ప్రకటన పత్రికల్లో చిన్న అక్షరాలతో, చాలాసార్లు ఆంగ్లంలో వస్తుంది. ముసాయిదా పటాలు అభివృద్ధి సంస్థ కార్యాలయంలోనో వెబ్‌సైట్‌లోనో ఉంటాయి, కుర్మిద్ద పంచాయతీ గోడ మీద ఉండవు. ఆ పటాలను తెలుగులో, ప్రతి గ్రామంలో, ఊళ్లోనే కాక వాడలో కూడా ప్రదర్శించాలని ఇప్పుడే, ముసాయిదా రాకముందే, 56 గ్రామాల గ్రామసభలు తీర్మానాలు చేసి పంపాలి.